బోర్డు స్కూలు నుంచి జడ్పీ హైస్కూలు దాకా

మన పల్లెలకు బడి పాతదే. హైస్కూలే ఆలస్యంగా వచ్చింది. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించి, పెద్దబాలశిక్ష వల్లె వేయించే వీధిబడి కాస్త పెద్ద ఊళ్లన్నింటిలోనూ ఉండేది. ఎక్కాలు, నాలుగు శతక పద్యాలు, నోటు రాసుకునేపాటి చేతిరాత వస్తే పిల్లవాడి చదువు అయిపోయినట్టే. ఆ పైన చదవాలంటే పట్నం చేరాలి, వారాలు చేసుకుని పూట గడుపుకోవాలి. ఆ పట్నపు చదువుకైనా మొదట పూనుకున్నది సర్కారు కాదు. సి.పి.బ్రౌన్ 1820లలో కడపలోనూ మచిలీపట్నంలోనూ సొంత ఖర్చుతో ఉచిత పాఠశాలలు నడిపాడు. లూథరన్ మిషనరీ జాన్ హేయర్ 1842లో గుంటూరు చేరి బడులు నడిపాడు. మరుసటి ఏడు మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి తెరిచాడు. 1854 నాటి వుడ్స్ డిస్పాచ్ తరువాత ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది, మూడేళ్లకు మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది, మెట్రిక్యులేషన్ అనే గడప వెలిసింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టేనాటికి కూడా, పల్లెటూరి రైతు బిడ్డ ఆ గడప తొక్కడం అరుదైన సంగతే.

పల్లెకూ ఉన్నత పాఠశాలకూ మధ్య తొలి వంతెన స్థానిక బోర్డులు. వైస్రాయ్ రిప్పన్ స్వపరిపాలన తీర్మానం వెలువడిన రెండేళ్లకు, 1884లో, మద్రాసు ప్రెసిడెన్సీ లోకల్ బోర్డుల చట్టం చేసింది. జిల్లాకో బోర్డు, దాని కింద తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. తొలినాళ్లలో వాటి ధ్యాసంతా రోడ్లు, సత్రాలు, ఎలిమెంటరీ బడుల మీదే. 1920 చట్టంతో బోర్డుల్లో ఎన్నికైనవారి సంఖ్య పెరిగాక, ద్వంద్వ ప్రభుత్వంలో విద్యాశాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చాక పరిస్థితి మారింది. బోర్డులో చోటు సంపాదించిన మోతుబరి రైతుకు తన ఊరికి హైస్కూలు తేవడం పరువు లెక్క అయింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి డబ్బు తోడైంది. ఇరవైలు, ముప్ఫైలలో ‘బోర్డు హైస్కూలు’ అన్న పలకలు ఒక్కొక్కటిగా ఊరి పొలిమేరల్లో లేచాయి. తాలూకా బోర్డులు రద్దయ్యాక వాటి బడులూ జిల్లా బోర్డుల పాలయ్యాయి.

ఆ స్కూళ్లలో తరగతులు లేవు, ఫారాలుండేవి. ఫస్ట్ ఫారంలో చేరినవాడు సిక్స్త్ ఫారం దాటితే ఎస్సెస్సెల్సీ. ఆ ఒక్క పుస్తకం చేతికొస్తే తాలూకాఫీసు గుమస్తాగిరీకో టీచరు ట్రైనింగుకో దారి దొరికేది, అదృష్టం బాగుంటే కాలేజీకీ. నెలనెలా ‘జీతం’ కట్టాలి. అంటే మాస్టారికి కాదు, బడికి. సగం జీతం రాయితీ కోసం తండ్రులు అర్జీలు పట్టుకుని తిరిగిన కథలు ఆ తరం ఆత్మకథల నిండా ఉన్నాయి. సైన్సు, లెక్కలు మొదట ఇంగ్లీషులోనే సాగేవి, తెలుగు మాధ్యమం మెల్లగా నిలదొక్కుకుంది. ఆ తెలుగైనా ఏ తెలుగు అన్న పోరాటానికి హైస్కూలే రంగస్థలం. ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ.యేట్స్, బడిలో చెప్పే తెలుగుకూ వీధిలో వినిపించే తెలుగుకూ పొంతన లేదేమని అడగడం గిడుగు రామమూర్తి వ్యావహారిక ఉద్యమానికి ఒక ప్రేరణ. గిడుగు స్వయంగా పర్లాకిమిడిలో బడిపంతులు. భాషా చరిత్రలో అంత పెద్ద మలుపు ఒక బడిపంతులూ ఒక ఇన్‌స్పెక్టరూ మాట్లాడుకున్నచోట మొదలు కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది.

బోర్డు స్కూలు మరో వారసత్వాన్నీ మిగిల్చింది, ఆటల పోటీలు. మద్రాసు విద్యాశాఖకు డైరెక్టరుగా పనిచేసిన గ్రిగ్ స్మారకంగా ఏటా జరిగే పోటీలను కోస్తాలో ‘గ్రిగ్స్’ అనేవారు. ఆ దొర ఎవరో ఆడినవారిలో నూటికి తొంభైమందికి తెలియదు. అయినా గ్రిగ్స్‌లో వాలీబాల్ కప్పు గెలిచిన ఊరు ఆ ఏడాదంతా తలెత్తుకు తిరిగేది. దొరలు వెళ్లిపోయి, పాలన మారి, స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు వచ్చినా కొన్నిచోట్ల ముసలి డ్రిల్లు మాస్టార్లు ఆ పాత పేరే వాడుతూ వచ్చారు.

తెలంగాణ కథ వేరు. నిజాం రాజ్యంలో బడి మెట్లు తహతానియా, వస్తానియా, ఫౌఖానియా. చివరిది హైస్కూలు. బోధన ఉర్దూలో. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలయడం ఒక దేశభాషకు దక్కిన గొప్ప గౌరవం. తెలుగు ఇంట పుట్టిన పిల్లవాడికి మాత్రం అది ఇంకో పరాయి భాషే. ఫౌఖానియా ఎక్కువగా జిల్లా కేంద్రాల్లో, పెద్ద పట్టణాల్లో ఉండేది. పల్లె పిల్లలు అక్కడికి చేరి నిలవాలంటే వసతి కావాలి. ఆ లోటు తీర్చడానికి కొత్వాల్ రాజా బహదూర్ వెంకటరామరెడ్డి వంటివారు 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ స్థాపించారు. మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంతో బాలికల పాఠశాల నెలకొల్పారు. భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లలకు బడులు పెట్టారు. ఇవన్నీ సర్కారు చేయని పనిని సమాజం తలకెత్తుకున్న సందర్భాలే. 1948 పోలీసు చర్య తరువాత ఉర్దూ స్థానంలోకి తెలుగూ ఇంగ్లీషూ వచ్చేసరికి, వాటిని చెప్పగల ఉపాధ్యాయులు చాలినంతమంది లేకపోయారు. బయటి నుంచి తెచ్చారు. స్థానికులకు దక్కాల్సిన కొలువులు పోతున్నాయన్న ఆక్రోశం 1952లో వరంగల్లులో ముల్కీ ఆందోళనగా రాజుకుని హైదరాబాదు దాకా పాకింది. తెలంగాణ రాజకీయ చరిత్రలో అంతటి మలుపుకు మూలం టీచరు పోస్టు అన్నది మరవకూడని విషయం.

ఈ రెండు పాయలూ 1956 తరువాత ఒకే రాష్ట్రంలో కలిశాయి. బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫార్సు మేరకు 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం చేసింది. ఆ అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌కు ప్రారంభోత్సవం చేశారు. జిల్లా బోర్డుల హైస్కూళ్లు జిల్లా పరిషత్తులకు సంక్రమించాయి. నేటికీ నడుస్తున్న ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అనే పేరు ఆ ఏటిది. పలక మారినంత తేలిగ్గా లోపల మారలేదు. సర్కారు టీచరు వేరు, పరిషత్ టీచరు వేరు అన్న తేడా మాత్రం స్థిరపడింది. వారిద్దరికీ ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలా అన్న తగవు కోర్టుల చుట్టూ తరాల తరబడి తిరిగింది. 010 పద్దు కింద ఖజానా నుంచి నేరుగా జీతం పడడం కూడా పరిషత్ టీచర్లు పోరాడి తెచ్చుకున్నదే.

అరవైలు, డెబ్బైలలో హైస్కూలు ఊరూరా పాకింది. ఆ విస్తరణ రహస్యం ప్రణాళికా సంఘం పత్రాల్లో కనబడదు, పాత భవనాల గోడల్లో పొదిగిన శిలాఫలకాల మీద కనబడుతుంది. ఫలానా వారి జ్ఞాపకార్థం ఈ గది, ఫలానా వారు ఇచ్చిన ఇన్ని ఎకరాలు. స్థలం చూపించి, కొంత సొమ్ము జమకడితేనే హైస్కూలు మంజూరయ్యే రోజుల్లో ఊళ్లు పోటీపడ్డాయి. పంట చేతికొచ్చాక బస్తాకింత చొప్పున వసూలు చేశారు. నాటకాలాడించి టిక్కెట్లు అమ్మారు. ఇటుక బట్టీ ఒకరు పెడితే కలప ఇంకొకరు తోలారు. ఆ దాతృత్వంలో స్వార్థం లేదనను. హైస్కూలు తన పేటలో ఉండాలా పక్కపేటలో ఉండాలా అన్నదానిపై రెండు వర్గాలు విడిపోయి పంచాయతీ ఎన్నికల దాకా కొట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. ఆ తగాదాల నడుమనే గదులు లేచాయి.

ఆ కాలపు కార్యక్రమాల జాబితా చూస్తే నేటివారికి ఆశ్చర్యం కలగవచ్చు. మొదలియార్ కమిషన్ చెప్పిందని కొన్ని స్కూళ్లు మల్టీపర్పస్ అయ్యాయి. పన్నెండో తరగతి దాకా చదువుతోపాటు వ్యవసాయం, వడ్రంగం వంటి పనులు నేర్పాయి. అంతకుముందే వార్ధా పథకం ప్రభావంతో తకిలీ మీద నూలు వడికిన తరం ఒకటుంది. ఎన్‌సీసీ, స్కౌట్స్, జూనియర్ రెడ్‌క్రాస్ వచ్చాయి. డెబ్బైల చివర ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సలహాతో ‘సమాజోపయోగ ఉత్పాదక కృత్యాలు’ వచ్చాయి. ఆ పేరు పలకడమే ఒక కృత్యమని పిల్లలు నవ్వుకునేవారు. చాలాచోట్ల అది బడి ఆవరణలో కలుపు పీకడం, మొక్కలకు నీళ్లు పోయడంగా మిగిలింది. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ రావడంతో హైస్కూలు పదో తరగతి దగ్గర ఆగింది, మల్టీపర్పస్ ప్రయోగం ముగిసింది. అరవైల చివరా డెబ్బైల మొదట్లోనూ తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాలు బడులను మూయించాయి. ఒక తరం చదువులో ఏడాది చెరిగిపోయింది.

వీటన్నిటి మధ్య నిలిచినవి వేరే. ప్రార్థన సమయంలో చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞనే తీసుకోండి. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా తెలుగులో రాశారు. మరుసటి ఏడు విశాఖలోని ఒక బడిలో మొదట చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా, అన్ని భాషల్లోనూ చదువుతున్నారు. రచయిత పేరు మాత్రం చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో లేదు. ఆయన సొంత కుటుంబానికే ఆలస్యంగా తెలిసిందంటారు. తెలుగు హైస్కూలు ఆవరణ నుంచి దేశానికంతటికీ వెళ్లినది ఇంకొకటి నాకు గుర్తు రాదు.

మరొకటి, ఏ ఉత్తర్వూ లేకుండానే కొనసాగుతున్న పండుగ, స్వపరిపాలన దినం. కొన్ని బడులు సెప్టెంబరు 5న, కొన్ని బాలల దినోత్సవానికి, మరికొన్ని పదో తరగతి వీడ్కోలు వేళ జరుపుతాయి. పదో తరగతి అమ్మాయి అమ్మ పట్టుచీర కట్టుకుని, పిన్ను ఊడిపోకుండా ఒక చేత్తో పమిట పట్టుకుని, హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుంటుంది. హాజరు పట్టీలో సంతకం పెట్టేటప్పుడు పచ్చ ఇంకు పెన్నే కావాలని పట్టుబడుతుంది, గెజిటెడ్ అధికారి కదా. డీఈవో వేషం కట్టినవాడు నల్లకళ్లద్దాలతో తనిఖీకి వస్తాడు. లెక్కల మాస్టారి నడకను అచ్చంగా దింపే కుర్రాడొకడు ప్రతి బ్యాచ్‌లో ఉంటాడు. అసలు లెక్కల మాస్టారు వెనక బెంచీలో కూర్చుని, ఆరో తరగతి పిల్లాడి పక్కన ఇరుక్కుని, ఆ పాఠమంతా వింటాడు. వ్యవసాయ కూలీ బిడ్డ ‘మేడం’ అని పిలిపించుకోవడం చాలామంది విషయంలో ఆ రోజుతోనే మొదలైంది. వారిలో కొందరు డీఎస్సీ రాసి నిజంగానే ఆ కుర్చీలోకి వచ్చారు.

హైస్కూలు తెచ్చిన సామాజిక మార్పు చూడాలంటే అడ్మిషన్ రిజిస్టరు తిరగేయాలి. ముందు పేజీల్లో తండ్రి వృత్తి గడిలో కరణం, వ్యాపారం, సొంత వ్యవసాయం. అరవైల మధ్య నుంచి కూలి, చేనేత, చాకలి, కల్లుగీత పెరుగుతాయి. అమ్మాయిల పేర్లు మొదట పేజీకొకటి, తరువాత పేజీలో సగం. పుట్టిన తేదీ గడిలో జూలై 1 వరసగా ఎన్నో ఇళ్ల పిల్లలకు. తల్లికి తిథి గుర్తుంది, తేదీ తెలియదు. హెడ్మాస్టరు పిల్లవాడి ఎత్తు చూసి ఒక సంవత్సరం వేసేవారు, పేజీ కదిలేది. ఆ తేదీ మీదే తరువాత ఉద్యోగాలు వచ్చాయి, పదవీ విరమణలు జరిగాయి. సంక్షేమ హాస్టళ్లు లేకుండా ఈ మార్పు ఊహించలేం. హైస్కూలు పక్కనే ఉన్న ఎస్సీ, బీసీ హాస్టళ్లకు కంచం పట్టుకెళ్లి తిని, మళ్లీ పుస్తకాలతో వచ్చిన పిల్లలే చాలా ఊళ్లలో తొలి డిగ్రీవాళ్లు.

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల తెరిచారు. పి.వి.నరసింహారావు ఆలోచన. మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెటూరి పేద ప్రతిభకు తలుపు తెరిచిన గొప్ప సంస్థలవి. ఎనభైలలో కేంద్రం పెట్టిన నవోదయలకూ ఈ అనుభవం దారి చూపింది. అయితే ఆ తలుపు ఇంకోవైపు నుంచి చూస్తే జడ్పీ హైస్కూలు నుంచి చురుకైన పిల్లలను ముందే ఎంచి తీసుకెళ్లే తలుపు కూడా. ఆ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

ఎనభైలు, తొంభైలలో అసలు దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. మండల వ్యవస్థ ఏర్పడి పాలన దగ్గరైన కాలంలోనే ఊరి మధ్య కాన్వెంటు వెలసింది. మెడకు టై, నోట ఇంగ్లీషు రైములు, ఇంటి ముందుకు ఆటో. ఊరి పెద్దల పిల్లలు మొదట వెళ్లారు, ఆ వెనక టీచర్ల పిల్లలు. స్థలమిచ్చిన కుటుంబం మనవడు ఆ స్థలంలోని బడికి రాలేదు. అన్ని కులాల, అన్ని ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్న కాలం ముప్ఫై, నలభై ఏళ్లే సాగింది. అదే మన హైస్కూలు చరిత్రలో అతి విలువైన ఘట్టమని నా అభిప్రాయం. ఊరి కమిటీలు నీరసించాయి. నల్లబల్ల పథకం, డీపీఈపీ వంటి పెద్ద కార్యక్రమాలు ప్రాథమిక బడికే పరిమితం కావడంతో హైస్కూలు కొంతకాలం ఎవరికీ పట్టని నడిమి పిల్ల అయింది. పదో తరగతిలో హిందీకి ఇరవై మార్కులు వస్తే చాలు గట్టెక్కవచ్చన్న సంగతి మాత్రం ప్రతి పిల్లవాడికీ కంఠతా వచ్చు.

కొత్త శతాబ్దంలో మూడు అడుగులు దిశ మార్చాయి. మొదటిది అన్నం. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో వండిన భోజనం ప్రాథమిక బడులకు వచ్చింది, 2008లో మన రాష్ట్రం దాన్ని హైస్కూలు పిల్లలకూ వర్తింపజేసింది. పొదుపు సంఘాల మహిళలు వంట బాధ్యత తీసుకున్నారు. బిల్లులు నెలల తరబడి రాకపోతే కిరాణా కొట్టులో అప్పు పెట్టి పప్పు తెచ్చింది వాళ్లే. రెండోది ఇంగ్లీషు. 2008లోనే సక్సెస్ స్కూళ్ల పేరుతో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమం తెచ్చారు. చెప్పే టీచరుకూ వినే పిల్లకూ అది కొత్తే. అయినా తల్లిదండ్రుల ఆశ అటే ఉంది. మూడోది బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో అదే ఏడు తెరిచిన ట్రిపుల్ ఐటీలు. పదో తరగతి మార్కులతో నేరుగా ప్రవేశం. గ్రేడ్లు వచ్చాక సర్కారీ నాన్‌రెసిడెన్షియల్ బడిలో చదివినవారికి 0.4 పాయింటు అదనంగా కలిపారు. ఆ చుక్క నాలుగు చేసిన మేలు ఎన్నో సర్క్యులర్లు చేయలేదు. మంచి మార్కులు వచ్చే పిల్లను పదో తరగతికి కార్పొరేటు స్కూలుకు మార్చకుండా జడ్పీలోనే ఉంచడానికి తల్లిదండ్రులకు తొలిసారి ఒక లాభసాటి కారణం దొరికింది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్పు, ఇప్పుడు ఏటా 12,000 రూపాయలు, దానికి తోడైంది. ఈ పరీక్షకు ఆదివారాలు బడి తెరిచి ఉచితంగా తర్ఫీదిచ్చే లెక్కల మాస్టార్లు ఉన్న స్కూళ్ల నుంచే ఏటా వరసగా ఎంపికలు ఉంటాయి.

2014లో రాష్ట్రం రెండయ్యాక రెండుచోట్లా హైస్కూలు మీద దృష్టి పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘మన బడి నాడు-నేడు’, తెలంగాణలో 2022లో ‘మన ఊరు - మన బడి’ భవనాలకు రంగులు, మరుగుదొడ్లు, మంచినీళ్లు తెచ్చాయి. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతున్నాయి. ఆంధ్రలో మధ్యాహ్న భోజనం గోరుముద్ద అయింది, ఆ తరువాత లంకల గన్నవరం అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టుకుంది. పేరు ఏదైనా వారంలో గుడ్డు ఎన్నిసార్లు అన్నదే పిల్లల లెక్క. జీవో 117తో 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను హైస్కూళ్లకు తరలించారు, 2025లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకున్నారు. ‘హైస్కూల్ ప్లస్’ పేరిట కొన్ని స్కూళ్లలో ఇంటర్మీడియట్ పెట్టారు. మల్టీపర్పస్ కాలం ఎరిగిన పెద్దలకు ఇది పాత వాసనే. అప్పుడూ ఇప్పుడూ చిక్కు ఒక్కటే, పై తరగతులు వచ్చినంత త్వరగా వాటికి చెప్పే లెక్చరర్లు రారు.

వందమంది లోపు పిల్లలున్న చిన్న హైస్కూళ్లలో నేటి హెడ్మాస్టరు పొద్దు యాప్‌లతోనే గడుస్తోంది. టీచర్ల ముఖ హాజరు, భోజనం లెక్క అన్నీ వాటిలోనే, కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా. సబ్జెక్టు టీచరు బదిలీపై వెళ్తే తరువాతి డీఎస్సీ దాకా ఆ పీరియడ్ డ్రిల్లు మాస్టారిదే. మరోపక్క, ఊరు వదిలి పోయినవారు మళ్లీ బడి వైపు చూడడం గత పదిహేనేళ్ల కొత్త పరిణామం. ఫలానా బ్యాచ్ పదో తరగతి వాట్సాప్ గ్రూపులు డల్లాస్, సిడ్నీల నుంచి కూకట్‌పల్లి దాకా మనుషులను కలిపాయి. సంక్రాంతికి, వేసవిలో సమ్మేళనాలు జరుగుతున్నాయి. శాలువాలు, మెమెంటోలు, గ్రూపు ఫొటో అయ్యాక బడికేదైనా చేద్దామన్న మాట వస్తుంది. మొన్నమొన్నటి దాకా అది స్వాగత తోరణంగానో సరస్వతీ విగ్రహంగానో తేలేది. ఇప్పుడు హెడ్మాస్టర్లు ముందే చీటీ రాసి పెట్టుకుంటున్నారు: సైన్సు ల్యాబుకు సామాను, ఖాళీగా ఉన్న ఫిజిక్స్ పోస్టులో ఒక విద్యా వలంటీరుకు పది నెలల జీతం, దూరపు తండాల అమ్మాయిలకు సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక ఇంటికి చేర్చే ఆటో కిరాయి. ఈ చీటీకి సంతకం పెట్టే బ్యాచ్‌లు కొన్ని తయారయ్యాయి, కొన్ని ఇంకా తోరణం దగ్గరే ఉన్నాయి.